న్యూట్రాన్లు మిక్కిలిగా ఉన్న కేంద్రకంలో అల్పశక్తి డైపోల్ బలాన్ని లెక్కించి పరిశీలించే విధానం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో భౌతికశాస్త్రం చదివే తెలుగు విద్యార్థుల్లో చాలామంది బడిలో ఒడియాలోను, కళాశాలలో ఇంగ్లీషులోను పాఠాలు విని, ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవారే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కేంద్రక భౌతికశాస్త్రాన్ని ఎంచుకున్న అటువంటి విద్యార్థి యాక్సిలరేటరు లేకుండా, సాధారణమైన ల్యాప్‌టాప్‌తో, నిజమైన పరిశోధనకు దగ్గరగా ఉండే పని ఏదైనా చేయగలడా అంటే, చేయగలడనే నా నమ్మకం. న్యూట్రాన్లు అధికంగా ఉన్న కేంద్రకాల్లో పది ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టు) పరిసరాల్లో కనిపించే డైపోల్ ఉత్తేజాలు, అంటే కేంద్రకంలో ధనావేశపు కేంద్రం ద్రవ్యరాశి కేంద్రం నుంచి పక్కకు జరిగి ఊగే కదలికలు, అందుకు తగిన విషయం. కోణీయ ద్రవ్యవేగాల సంకలనం, షెల్ మోడల్ ప్రాథమికాంశాలు తెలిసి ఉంటే చాలు. ఉచితంగా దొరికే ఫోర్ట్రాన్ కంపైలరు ఒకటి ఉండాలి.

లెక్క చేయడం కన్నా లెక్క ఇచ్చిన ఫలితాన్ని సరిగా అర్థం చేసుకోవడమే ఇందులో కష్టమైన పని. గ్రాఫులో తక్కువ శక్తి దగ్గర ఒక చిన్న శిఖరం లేవగానే దానికి పిగ్మీ (మరుగుజ్జు) అనునాదం అని పేరు పెట్టేయడం విద్యార్థుల్లోనే కాదు, అచ్చయిన వ్యాసాల్లో కూడా కనిపిస్తుంది. శక్తి ఒక్కటే చూసి ఆ పేరు పెట్టకూడదు. ఆ శిఖరంలో ఏ కణాలు, ఎక్కడ, ఏ దిశలో కదులుతున్నాయో చూపించిన తరువాతనే పెట్టాలి. ఈ వ్యాసమంతా ఆ నిర్ధారణకు చేరే దారిని చెప్పడానికే.

ముందుగా తెలుసుకోవలసిన నేపథ్యం కొంత ఉంది. కేంద్రకంలోని ప్రోటాన్లన్నీ ఒక పక్కకు, న్యూట్రాన్లన్నీ ఎదురు పక్కకు ఊగే సామూహిక కదలికను బృహత్ డైపోల్ అనునాదం అంటారు. మిగ్డాల్ 1944లో దీనిని సిద్ధాంతపరంగా ఊహించగా, 1947లో బాల్డ్విన్, క్లైబర్ ప్రయోగంలో గమనించారు. 1948లో గోల్డ్‌హేబర్, టెల్లర్, 1950లో స్టైన్‌వెడెల్, జెన్సెన్ దానికి రెండు వేరు వేరు చిత్రణలు ఇచ్చారు. ఈ పెద్ద అనునాదానికి దిగువన మరికొంత అదనపు డైపోల్ బలం (ఫోటాన్ కేంద్రకాన్ని ఆ శక్తికి ఎంత గట్టిగా ఉత్తేజపరచగలదో చెప్పే రాశి) ఉన్నదన్న సూచన 1961లో బార్తొలోమ్యూ పరిశీలించిన న్యూట్రాన్ సంగ్రహణ గామా కిరణాల్లో వచ్చింది. 1971లో మోహన్, డానోస్, బీడెన్‌హార్న్ కేంద్రకాన్ని మూడు ద్రవాలుగా భావించారు. ప్రోటాన్లు ఒకటి, ప్రోటాన్లున్న కక్ష్యల్లోనే ఉండే న్యూట్రాన్లు రెండవది, మిగిలిన అదనపు న్యూట్రాన్లు మూడవది. మొదటి రెండూ కలిసి ఒక గట్టి గర్భంగా నిలిచి, దానికి ఎదురుగా మూడవది ఊగితే తక్కువ శక్తిలో డైపోల్ కంపనం పుడుతుంది. పిగ్మీ అనునాదం అంటే ఇప్పటికీ చాలామంది మనసులో ఉన్న చిత్రం ఇదే. ఇది ఎంతవరకు నిజమో మీ లెక్కతోనే మీరు పరీక్షించవచ్చు.

కంప్యూటరు తెరవక ముందు చేతితో చేయవలసిన లెక్క

ప్రోగ్రాము నడపడానికి ముందు, ఫలితం ఏ పరిధిలో ఉండాలో కాగితం మీద తేల్చుకోవాలి. ఇది చేయనివారికి, తరువాత తెర మీద ఏ సంఖ్య వచ్చినా నమ్మడం తప్ప వేరే దారి ఉండదు. తగరం-132 కేంద్రకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అందులో ప్రోటాన్లు 50, న్యూట్రాన్లు 82. రెండూ మ్యాజిక్ సంఖ్యలే (కర్పరాలు పూర్తిగా నిండే సంఖ్యలే) కాబట్టి కేంద్రకం గోళాకారంగా ఉంటుంది, జంటకట్టే ప్రభావాలను పక్కన పెట్టవచ్చు.

బృహత్ అనునాదపు స్థానానికి వాడుకలో ఉన్న సూత్రం ఇది: 31.2ను ద్రవ్యరాశి సంఖ్య ఘనమూలంతో భాగించి, 20.6ను అదే సంఖ్య ఆరవ మూలంతో భాగించి, రెండు భాగఫలాలను కలపాలి. తగరం-132కు మొదటిది 6.1, రెండవది 9.1, మొత్తం సుమారు 15.3 ఎంఈవీ. సీసం-208కు ఇదే లెక్క 13.7 ఇస్తుంది, కొలిచిన విలువ 13.4 దగ్గర ఉంది.

తరువాత మొత్తం బలం. న్యూట్రాన్ల సంఖ్యను ప్రోటాన్ల సంఖ్యతో గుణించి ద్రవ్యరాశి సంఖ్యతో భాగిస్తే, తగరం-132కు 31.06 వస్తుంది. దానిని 60తో గుణిస్తే 1864 ఎంఈవీ-మిల్లీబార్న్లు. ఫోటాన్ శోషణ క్రాస్ సెక్షన్ (శోషణ జరిగే అవకాశానికి కొలత) మొత్తాన్ని శక్తి మీద సమాకలనం చేస్తే రావలసిన కనీస పరిమాణం ఇదేనని థామస్, రైషే, కూన్ సంకలన నియమం చెబుతుంది. డైపోల్ బలం భాషలో చెప్పాలంటే, ప్రతి స్థితి శక్తిని దాని బలంతో గుణించి అన్నింటినీ కూడితే, అదే 31.06కు 14.8 రెట్లు, అంటే 460 రావాలి. ఇక్కడ బలానికి ప్రమాణం ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గం, ఫెమ్టోమీటరు వర్గం కలిసినది. ఈ రెండు రూపాల మధ్య గుణకం సుమారు 4.02. ఈ గుణకాన్ని నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే కొన్ని వ్యాసాలు క్రాస్ సెక్షన్‌ను, కొన్ని బలాన్ని ఇస్తాయి. ఒకదాని నుంచి మరొకదానికి మారేటప్పుడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

జర్మనీలోని జీఎస్ఐ ప్రయోగశాలలో చేసి 2005లో ప్రచురించిన కొలతలో, తగరం-132 అల్పశక్తి శిఖరం 9.8 ఎంఈవీ దగ్గర, 0.7 అనిశ్చితితో కనిపించింది. సంకలన నియమంలో దాని వాటా 4 శాతం, అనిశ్చితి 3 శాతం. 460లో 4 శాతం 18.4, దానిని 9.8తో భాగిస్తే బలం సుమారు 1.9. మీ ప్రోగ్రాము ఈ ప్రాంతంలో 19 చూపిస్తే ఎక్కడో ప్రమాణాల పొరపాటు ఉన్నదని వెంటనే తెలుస్తుంది. అదే ప్రయోగంలో తగరం-130కి 10.1 ఎంఈవీ, 7 శాతం, అనిశ్చితి మళ్లీ 3 శాతం వచ్చాయి. ఈ రెండు కేంద్రకాల మధ్య వాటాలో నిజమైన తేడా ఉన్నదని ఈ సంఖ్యల బలంతో చెప్పలేము. అనిశ్చితిని వదిలేసి 4నూ 7నూ పోల్చడం విద్యార్థి నివేదికలో ఉండకూడని పని.

లిథియం-11 వంటి హాలో కేంద్రకాలను ఈ చర్చలోకి తేవాలని కొందరికి ఉత్సాహం కలుగుతుంది. జపాన్‌లోని రికెన్‌లో చేసిన 2006 నాటి కొలతలో లిథియం-11 బలం 0.6 ఎంఈవీ దగ్గరే శిఖరానికి చేరి, 3 ఎంఈవీ లోపు మొత్తం 1.42గా తేలింది. అయితే అది చాలా బలహీనంగా అంటుకుని ఉన్న రెండు న్యూట్రాన్లు బయటికి దూరంగా పరుచుకుని ఉండటం వల్ల కేంద్రకం విడిపోయే హద్దుకు కొంచెం పైననే పుట్టే బలం. దానికి సామూహిక కంపనం అవసరమే లేదు. మొదటి ప్రాజెక్టులో దానిని వేరుగానే ఉంచడం మేలు.

లెక్క నడిపే క్రమం

గోళాకార కేంద్రకాలకు స్కిర్మ్ బలాలతో (ఇవి డైపోల్ బలం కాదు, కేంద్రకంలోని కణాల మధ్య ఆకర్షణ వికర్షణలకు వాడే సరళ సూత్రాలు) రాండమ్ ఫేజ్ అప్రాక్సిమేషన్, అంటే ఆర్‌పీఏ లెక్క చేసే ప్రోగ్రామును కోలో బృందం 2013లో కంప్యూటర్ ఫిజిక్స్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురించింది. మొదట సగటు క్షేత్రంలో ఒక్కొక్క కణపు స్థితులను కనుక్కుని, ఆ మీదట నిండిన స్థితి నుంచి ఖాళీ స్థితికి కణాన్ని ఎత్తే కణ-రంధ్ర జంటలన్నింటినీ కలిపి ఒక పెద్ద మాత్రికను వికర్ణీకరించడం దీని పని. నిండిన కర్పరాలున్న కేంద్రకాలకే ఇది వర్తిస్తుంది.

నేరుగా తగరం-132తో మొదలుపెట్టకూడదు. ముందు ఆక్సిజన్-16 నడపాలి. అందులో న్యూట్రాన్లు, ప్రోటాన్లు సమానం కాబట్టి అదనపు న్యూట్రాన్ల కథకు చోటు లేదు. 7.12 ఎంఈవీ దగ్గర నిజంగానే ఒక డైపోల్ స్థితి ఉన్నా, అందులో రెండు రకాల కణాలూ కలిసే కదులుతాయి గనుక దాని విద్యుత్ డైపోల్ బలం చాలా స్వల్పం. మీ లెక్కలో ఆక్సిజన్-16కు తక్కువ శక్తిలో చెప్పుకోదగిన బలం వస్తే అది భౌతికం కాదు, ప్రోగ్రాము వాడకంలోని లోపం. ఆ తరువాత కాల్షియం-48, ఆ మీదట తగరం-132, చివరగా సీసం-208 అన్న వరుస బాగుంటుంది.

ఆక్సిజన్ లెక్కలో సాధారణంగా బయటపడే లోపం ద్రవ్యరాశి కేంద్రపు కదలిక. కేంద్రకం మొత్తంగా ఒక దిక్కుకు జరగడం ఉత్తేజం కాదు, కానీ మాత్రికకు ఆ తేడా తెలియదు. అది కూడా డైపోల్ రూపంలోనే ఉంటుంది. లెక్క పరిపూర్ణంగా ఉంటే ఆ స్థితి సున్నా శక్తి దగ్గర నిలిచి మిగిలిన వాటి నుంచి విడిపోతుంది. కణ-రంధ్ర జంటలకు పెట్టిన శక్తి హద్దు చాలకపోయినా, స్కిర్మ్ బలంలోని కొన్ని భాగాలను వదిలేసినా అది రెండు మూడు ఎంఈవీల దాకా జరిగి, మనకు కావలసిన అల్పశక్తి స్థితుల్లో కలిసిపోతుంది. దీనికి విరుగుడుగా ప్రోటాన్లకు న్యూట్రాన్ల సంఖ్య బై ద్రవ్యరాశి సంఖ్య అంత ధనావేశం, న్యూట్రాన్లకు ప్రోటాన్ల సంఖ్య బై ద్రవ్యరాశి సంఖ్య అంత రుణావేశం ఉన్నట్లుగా ఆపరేటరును రాసుకోవాలి. తగరం-132కు ఇవి వరుసగా 0.62, మైనస్ 0.38. ఇలా రాసినా సరే, ఆ నకిలీ స్థితి ఎక్కడ పడిందో నివేదికలో తప్పక చెప్పాలి.

తరువాత పెట్టె పరిమాణం. ప్రోగ్రాము కేంద్రకాన్ని ఒక గోళాకారపు పెట్టెలో ఉంచుతుంది, అందువల్ల విడిపోయే హద్దుకు పైన ఉన్న అవిచ్ఛిన్న స్థితులు కూడా విడివిడి స్థితులుగా మారతాయి. పెట్టె వ్యాసార్ధాన్ని 15 ఫెమ్టోమీటర్లు, 20, 25 అని మారుస్తూ మూడుసార్లు లెక్క నడపండి. పెట్టెతో పాటు జరిగిపోయే శిఖరాన్ని నమ్మకూడదు. జరగక నిలిచిన శిఖరమే పరిశీలనకు అర్హమైనది. తగరం-132లో న్యూట్రాన్ వియోగ శక్తి (ఒక న్యూట్రాన్‌ను విడదీయడానికి కావలసిన శక్తి) సుమారు 7.3 ఎంఈవీ, మన శిఖరం దానికి పైన ఉంది కాబట్టి ఈ పరీక్షను ఇక్కడ దాటవేయడానికి వీలు లేదు.

శక్తి హద్దును కూడా, సంకలన నియమపు మొత్తం ఇక మారని దాకా పెంచాలి. స్కిర్మ్ బలాల్లో వేగం మీద ఆధారపడే భాగాలు ఉండటం వల్ల ఈ మొత్తం 460 దగ్గర ఆగదు. ఎస్ఎల్‌వై4 అనే స్కిర్మ్ బలానికి అనంత కేంద్రక పదార్థంలో ఈ అదనపు పెంపు 0.25, పరిమిత కేంద్రకంలో అంతకన్నా కొంచెం తక్కువ ఉంటుంది. అందువల్ల "అల్పశక్తి వాటా 4 శాతం" అని రాసేటప్పుడు అది పాత నియమపు 460లోనా, ప్రోగ్రాము ఇచ్చిన మొత్తంలోనా అన్నది స్పష్టం చేయాలి. ప్రయోగకారులు సాధారణంగా మొదటిదానినే వాడతారు.

విడివిడి గీతలను లోరెంజ్ ఆకారంతో సున్నితం చేసి వక్రరేఖగా గీయడం ఆనవాయితీ. వక్రరేఖ చూపుకు బాగుంటుంది, కానీ వాటాను ఎప్పుడూ విడి గీతల నుంచే కూడాలి. ఎందుకో సీసం-208 కొలతలతో చూడవచ్చు. దాని బృహత్ అనునాదాన్ని 13.4 ఎంఈవీ స్థానం, 4 ఎంఈవీ వెడల్పు, 640 మిల్లీబార్న్ల ఎత్తు ఉన్న లోరెంజ్ వక్రంతో చూపవచ్చు. అదే వక్రాన్ని 7.5 ఎంఈవీ దాకా కిందికి పొడిగిస్తే అక్కడ కూడా సుమారు 36 మిల్లీబార్న్లు మిగులుతాయి. పిగ్మీ స్థితి ఒక్కటి కూడా లేకపోయినా ఆ తోక అక్కడ ఉంటుంది. దానిని తీసివేయాలా వద్దా, తీసివేస్తే ఏ ఆకారంతో అన్నది ప్రయోగాల్లో ఈనాటికీ ఎడతెగని చర్చ. మీ లెక్కలో మాత్రం ఆ సమస్యను మీరే సృష్టించుకోనక్కరలేదు.

శిఖరం లోపలికి చూడటం

ఇప్పుడు అసలు పని. 7 నుంచి 11 ఎంఈవీ మధ్య నిలిచిన స్థితుల్లో బలం ఎక్కువ ఉన్న ఒకటి రెండింటిని తీసుకుని, వాటి సంక్రమణ సాంద్రతలను (ఆ ఉత్తేజంలో ఏ దూరం దగ్గర సాంద్రత ఎంత మారుతుందో చెప్పే రాశులను) ప్రోటాన్లకు, న్యూట్రాన్లకు వేరు వేరుగా, కేంద్రం నుంచి దూరాన్ని బట్టి గీయండి. దూరపు వర్గంతో గుణించి గీస్తే ఉపరితలం దగ్గరి వివరం బాగా తెలుస్తుంది. తగరం-132 వ్యాసార్ధం సుమారు 6.1 ఫెమ్టోమీటర్లు. పక్కనే, పోలిక కోసం, 15 ఎంఈవీ దగ్గరి ఒక స్థితికి కూడా అదే బొమ్మ వేయండి. పెద్ద అనునాదపు స్థితిలో ఉపరితలం దగ్గర రెండు గీతలూ ఎదురెదురు దిశల్లో లేస్తాయి. పిగ్మీ లక్షణమున్న స్థితిలో లోపలి భాగాన రెండు గీతలూ ఒకే దిశలో నడిచి, 7 ఫెమ్టోమీటర్లకు బయట ప్రోటాన్ గీత సున్నాకు పడిపోయి, న్యూట్రాన్ గీత ఒక్కటే మిగులుతుంది. ఈ రెండు బొమ్మలనూ ఒక్కసారి సొంతంగా గీసి పక్కపక్కన పెట్టి చూసినవారికి ఈ విషయం మీద కలిగే పట్టు, ఎన్ని వ్యాసాలు చదివినా కలగదు.

రెండవ పరీక్ష, అదే స్థితిని మరొక ఆపరేటరుతో తాకడం. రెండు రకాల కణాలనూ సమానంగా కదిపే ఐసోస్కేలార్ డైపోల్ ఆపరేటరులో దూరపు ఘనం వస్తుంది; అందులోంచి సగటు వర్గ దూరానికి మూడింట ఐదు వంతులను దూరంతో గుణించి తీసివేస్తే ద్రవ్యరాశి కేంద్రపు కదలిక తొలగిపోతుంది. పిగ్మీ లక్షణమున్న స్థితులు ఈ ఆపరేటరుకు కూడా గట్టిగా స్పందిస్తాయి. పెద్ద అనునాదపు తోకలోని స్థితులు స్పందించవు.

ఈ తేడా ప్రయోగంలో బయటపడిన కేంద్రకాల్లో సీరియం-140 ముఖ్యమైనది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఆల్ఫా కణాలతో చేసి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఫోటాన్లతో కనిపించిన స్థితుల్లో సుమారు 6 ఎంఈవీకి దిగువన ఉన్నవే ఆల్ఫాకు కూడా కనిపించాయి. అంతకు పైన ఉన్నవి ఫోటాన్లకు మాత్రమే స్పందించాయి. అంటే ఒకే గుంపుగా తోచినవి నిజానికి రెండు రకాలు. గంజాం జిల్లా తీరంలో, ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ సంస్థ ఇసుక నుంచి వేరుచేసే ఖనిజాల్లో మోనజైట్ ఒకటి; సీరియం అందులోని ప్రధాన మూలకాల్లో ఒకటి, ప్రకృతిలోని సీరియంలో 88 శాతానికి పైగా ఈ 140 ఐసోటోపే. మన తీరపు ఇసుకలో ఉన్న కేంద్రకమే ఈ విషయంలో కీలకమైన సాక్ష్యం ఇచ్చిందన్న సంగతి మన విద్యార్థులకు తెలియాలని నాకు గట్టిగా ఉంది.

మూడవది, ఆ స్థితిని కూర్చిన కణ-రంధ్ర జంటల జాబితా. ఒకే న్యూట్రాన్ జంట తొంభై శాతం ఉంటే దానిని అనునాదం అనడం సరికాదు. అది ఒంటరి కణపు గెంతు. నాలుగైదు జంటలు పాలుపంచుకుని, వాటి అంశాలు ఒకదానికొకటి తోడైతే సామూహికత ఉన్నదని చెప్పవచ్చు. ఇక్కడ సిద్ధాంతకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు: సాపేక్షతా సగటు క్షేత్ర లెక్కలు సాధారణంగా ఎక్కువ సామూహికతను, స్కిర్మ్ లెక్కలు తక్కువను చూపుతాయి. మీ లెక్క ఏది చూపితే అదే రాయండి.

కొలతతో పోల్చేటప్పుడు

కొలతలో ఏ శక్తి కిటికీ తెరిచి ఉన్నదో తెలుసుకోకుండా పోల్చకూడదు. న్యూక్లియర్ రెసొనెన్స్ ఫ్లోరెసెన్స్ పద్ధతి (ఫోటాన్లతో ఉత్తేజపరచి, తిరిగి వెలువడే గామా కిరణాలను కొలవడం) ప్రధానంగా న్యూట్రాన్ వియోగ శక్తికి దిగువన పనిచేస్తుంది, అక్కడ కూడా లెక్కకు అందని సన్నని గీతల బలం జారిపోయే ప్రమాదం ఉంది. పైన చెప్పిన తగరం-132 కొలత బయటికి వచ్చిన న్యూట్రాన్లను పట్టుకున్నది గనుక 7.3 ఎంఈవీకి పైన ఉన్న బలాన్నే చూసింది. నికెల్-68 ఉదాహరణ ఇంకా బోధకరం. 2009లో, బయటికి వచ్చిన గామా కిరణాలను కొలిచినవారు శిఖరం 11 ఎంఈవీ దగ్గర, వాటా 5 శాతం అన్నారు. 2013లో న్యూట్రాన్లను కొలిచినవారు 9.55 ఎంఈవీ, 2.8 శాతం అన్నారు. మొదటి పద్ధతిలో ఉత్తేజిత కేంద్రకం ఎంత శాతం గామా ద్వారా దిగుతుందో ముందే అనుకోవలసి వస్తుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిర్వహణలోని ఎక్స్‌ఫోర్ భాండాగారంలో ఇటువంటి కొలతలు ఉచితంగా దొరుకుతాయి. సంఖ్యతో పాటు పద్ధతిని కూడా తప్పక చదవాలి.

చివరి ఫలితంగా వాటా కన్నా డైపోల్ ధ్రువణీయతను, అంటే విద్యుత్ క్షేత్రంలో కేంద్రకపు ఆవేశం ఎంత పక్కకు జరుగుతుందో చెప్పే రాశిని, ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. ప్రతి స్థితి బలాన్ని దాని శక్తితో భాగించి కూడి, 4.02తో గుణిస్తే ఇది ఘన ఫెమ్టోమీటర్లలో వస్తుంది. శక్తి హారంలో ఉండటం వల్ల తక్కువ శక్తి బలానికి విలువ పెరుగుతుంది: సంకలన నియమంలో 4 శాతమే ఉన్న 9.8 ఎంఈవీ శిఖరం, 16.1 ఎంఈవీ దగ్గర కొలిచిన పెద్ద అనునాదంతో పోలిస్తే ధ్రువణీయతలో దాదాపు 11 శాతానికి సమానమవుతుంది. పైగా ఎక్కడ పిగ్మీ ముగిసి ఎక్కడ పెద్దది మొదలవుతుందో గీత గీయవలసిన అవసరం దీనికి లేదు. రైన్‌హార్డ్, నజరేవిచ్ 2010లో చేసిన విశ్లేషణ కూడా న్యూట్రాన్ పొర మందంతో (న్యూట్రాన్ల, ప్రోటాన్ల వ్యాసార్ధాల మధ్య తేడాతో) గట్టి సంబంధం ఉన్నది ధ్రువణీయతకేనని, అల్పశక్తి బలానికి కాదని వాదించింది. జపాన్‌లోని ఒసాకాలో సీసం-208 మీద ప్రోటాన్లతో చేసిన 2011 కొలత 20.1 ఘన ఫెమ్టోమీటర్లు ఇచ్చింది. దాని నుంచి రాబట్టిన పొర మందం సుమారు 0.156 ఫెమ్టోమీటరు. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో ఎలక్ట్రాన్లతో చేసిన ప్రెక్స్ ప్రయోగం 2021లో 0.283 అన్నది, అనిశ్చితి 0.071. ఈ రెండూ సులువుగా పొసగవు.

అందుకే ప్రాజెక్టును ఒకే స్కిర్మ్ బలంతో ముగించకండి. సౌష్ఠవ శక్తి (న్యూట్రాన్లు, ప్రోటాన్ల సంఖ్యలు సమానం కానప్పుడు అదనంగా పట్టే శక్తి) సాంద్రతతో పాటు పెరిగే వాలు తక్కువ ఉన్న స్కిర్మ్ బలం ఒకటి, మధ్యస్థం ఒకటి, ఎక్కువ ఉన్నది ఒకటి ఎంచుకుని, మూడింటికీ తగరం-132, సీసం-208 రెండింటిలోను న్యూట్రాన్ పొర మందం, ధ్రువణీయత, 11 ఎంఈవీ దిగువన ఉన్న వాటా, నకిలీ స్థితి శక్తి, పెట్టె వ్యాసార్ధం ఒకే పట్టికలో రాయండి. వాలు పెరిగేకొద్దీ పొర మందం పెరగడం మీకు స్పష్టంగా కనిపిస్తుంది. వాటా కూడా అదే వరుసలో పెరుగుతుందా లేదా అన్నది మీ పట్టిక చెప్పనివ్వండి. తెరిచిన కర్పరాలున్న ఐసోటోపులకు వెళ్లదలచినవారు జంటకట్టడాన్ని కలుపుకున్న క్వాసీపార్టికల్ ఆర్‌పీఏ ప్రోగ్రామును వెతుక్కోవాలి, విరూపమైన కేంద్రకాలకైతే గోళాకారపు ప్రోగ్రాములేవీ పనికిరావు.